పెన్‌డ్రైవ్ మీద మూడు ఆదివారాలు

సోని మా షాపులోకి వచ్చిన రోజు అరకులో ఒకటే వాన. గోనెసంచిలో చుట్టిన పాత సీపీయూని పసిపిల్లను దింపినంత జాగ్రత్తగా కౌంటర్ మీద దింపింది. తను మాత్రం నిలువునా తడిసింది.

"ఏదైనా ఫ్రీది ఎక్కించండి. కొనమని అడక్కూడదు, తెలుగు రావాలి. నాకు కంప్యూటర్ కొత్త, బేగి నేర్చుకునేలాగుండాలి" అంది.

నేను రవిబాబుని. మాది గూడెం కొత్తవీధి, అరకులో కంప్యూటర్లు బాగుచేస్తాను. నాకు కుదురు తక్కువ. ఫ్రీగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ అంటే లినక్స్, అందులో రకాలు బోలెడు. నా ల్యాప్‌టాప్‌లో నెలకోటి మారుస్తాను, ఇంకోటి ఇంతకన్నా బాగుంటుందేమోనని. ఆ సంగతి సోనికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ మెషీన్‌కి వాటిలో మింట్ అనే రకం సరిపోతుందని చూడగానే తెలిసింది. కొత్తవాళ్ళకి తేలిక, ఎక్కించడం అరగంట పని. కానీ అరగంటలో పనైపోతే సోని వెళ్ళిపోతుంది.

అందుకని, ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూద్దాం, నచ్చితేనే డిస్క్‌లోకి ఎక్కిద్దాం, ఆదివారాలు మీ ఇంటికే వచ్చి చూస్తాను అన్నాను. అలా నడిపినప్పుడు మనం రాసిందేదీ మెషీన్ ఆపితే మిగలదు. అది మాత్రం చెప్పలేదు. చెబితే వెంటనే ఎక్కించమంటుందని భయం.

వాళ్ళ ఇల్లు టైడా దగ్గర. మొదటి ఆదివారం మింట్ చూపించాను. బాగుంది, ఇదే ఉంచేయమంది. రెండో ఆదివారం ఇంకో రకం, ఉబుంటు చూపిస్తే ఇదీ బాగుంది గానీ మొదటిదే చాలంది. మూడో ఆదివారం జోరిన్ తీసుకెళ్తే, అసలు మొదటిదానికి ఏమైందని అడిగింది. వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్ మెషీన్‌కే ఉంచి వచ్చేవాణ్ణి. వాళ్ళ నాన్న సోంబరు మిరియాల తీగలు కట్టుకుంటూ నన్నోసారి, మెషీన్‌నోసారి చూశాడు.

మిగతా ఆరు రోజులూ నాకు కాలు నిలిచేది కాదు. ఫోన్ మోగితే సోనియేనేమో అని పరుగు. మోగకపోతే, ఆ పెన్‌డ్రైవ్ అంత బాగా పనిచెయ్యాలా అని తిట్టుకోవడం.

నాలుగో వారం, శనివారం సాయంత్రం మోగింది.

సోని వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. ఆ పిల్లలకు తెలుగు రాదు. వాళ్ళు ఇంట్లో మాట్లాడే మాట ఒకవైపు, తెలుగు ఒకవైపు, రెండొందల మాటలతో చిన్న పుస్తకం తయారుచేసి సోమవారం పాడేరు ఆఫీసులో ఇస్తే అచ్చవుతుంది. ఇవ్వకపోతే ఈ ఏడాదికి లేనట్టే. అంతవరకూ బొమ్మలు గీసుకుంటూ మౌస్ అలవాటు చేసుకున్న మనిషి, ఆ రోజు పొద్దుట్నుంచీ కూర్చుని మొత్తం టైప్ చేసింది. వానకు కరెంటు పోయింది.

"సేవ్ సేసినాను రవీ. రెండుసార్లు సేసినాను. ఒక్క మాటా లేదు. నేనేటి తప్పు సేసినాను?"

తప్పు తనదనుకుంటోంది. పొద్దున్నే వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆదివారం తెల్లారగానే మంచులో బైక్ తీశాను. వాళ్ళ వాకిట్లో నిలబడే చెప్పేశాను. నీ తప్పేమీ లేదు, మొదటి రోజే ఎక్కించాల్సింది, మళ్ళీ మళ్ళీ నిన్ను చూడొచ్చని ఎక్కించలేదు అన్నాను. నువ్వంటే ఇష్టమని కూడా అదే ఊపిరిలో అనేశాను. అది సమయం కాదని అన్నాకే తెలిసింది.

సోని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నెలకోటి మారుస్తానని నువ్వే సెప్పినావు. రేపు నేను పాతబడిపోతే ఏటి సేత్తావు?"

లోపలికెళ్ళి మింట్ డిస్క్‌లోకి ఎక్కించాను. తర్వాత కీబోర్డ్ ముందు కూర్చుని, ఆ మాటలు రాసిపెట్టుకున్న నోట్‌బుక్ చదవమన్నాను. ఆమె కోపంగా చదివింది, నేను టైప్ చేశాను. అన్నం తిన్నంతసేపు తప్ప కుర్చీ వదల్లేదు. నూట యాభయ్యో మాట దగ్గర నేను పలికిన తీరుకి ఆమెకు నవ్వొచ్చింది, దాచుకుంది. చీకటి పడేలోపు రెండొందలూ అయ్యాయి. మెషీన్ ఆపి, మళ్ళీ పెట్టి, అన్నీ ఉన్నాయని చూపించాను. ఆమె చివరి మాటదాకా చూసుకున్నాక, పాడేరులో ఇవ్వడానికి ఆ ఫైల్ తన ఫోన్‌లోకి ఎక్కించాను. పొద్దున అన్నదానికి జవాబు అడగకుండా వచ్చేశాను.

సోమవారం మధ్యాహ్నం పాడేరు నుంచి ఫోన్ చేసింది.

"పుస్తకం తీసుకున్నారు" అంది. వెనక బస్సుల హారన్లు మోగుతున్నాయి. "ఆదివారం రా. పెన్‌డ్రైవ్ తేకు. కంప్యూటర్ కోసం రావట్లేదని మా అయ్యకి సెప్పేసినాను."

ఆదివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.