గేరులో నిలిపిన బండి

అంద్రెయ ఐదింటికి లేచాడు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో లారీ నడిపినవాడికి అలారం అక్కర్లేదు. రెండువేల ఏడు డిసెంబరు. దేశ రాజధాని శివార్లలో, వైశాలిలో రెండో అంతస్తు ఇల్లు. బాల్కనీలోంచి చూస్తే, కింద గేటు ముందు ర్యాంపు మీద నిలిపిన ట్రక్కు పొగమంచులో సగమే కనిపిస్తోంది.

కొడుకు కెల్విన్ స్నానం చేస్తున్నాడు. కోడలు అనుగ్రహ శాలువా కప్పుకుని, తాళంచెవి తీసుకుని మెట్లు దిగింది. అది ఆ ఇంటి పద్ధతి. పాత డీజిల్ ఇంజిను చలికి మొండికేస్తుంది. పది నిమిషాల ముందే స్టార్ట్ చేసి వేడెక్కించాలి. మగవాడు తయారై దిగేసరికి బండి సిద్ధంగా ఉండాలి. సాహిబాబాద్ లాండ్రీలో ఉతికిన దుప్పట్లు ఎక్కించుకుని, తెల్లవారేసరికి నర్సింగ్ హోములకు చేర్చాలి. అంద్రెయ నడిపినన్నాళ్ళూ ఆ పని అతని భార్య ఫ్లోరా చేసింది. ఏడు చలికాలాలు చేసింది. ఒక్కనాడు నోరెత్తలేదు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. అంద్రెయకు చూపు తగ్గాక బండి కొడుక్కి వచ్చింది, చలి కోడలికి వచ్చింది.

కింద ఇంజిను గుర్రుమని ఆగిపోయింది. రేకు మీద ఏదో గట్టిగా కొట్టుకున్న చప్పుడు. ఆ వెంటనే అనుగ్రహ కేక.

కెల్విన్ తువ్వాలుతోనే పరిగెత్తాడు. ఇద్దరూ పైకి వచ్చేసరికి ఆమె కుడిచెయ్యి మోచేతి కింద ఎర్రగా కమిలి ఉంది. ఆమె నర్సు. వేళ్ళు తనే ఒక్కొక్కటీ కదిపి చూసుకుంది.

"ఎముకకి ఏం కాలేదు లెండి" అంది భర్తతో. "కిందే నిలబడి, తలుపు సందులోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పా. బండి ఒక్క గెంతు గెంతింది. తలుపు గేటు స్తంభానికి కొట్టుకుని నా చెయ్యి మీద మూసుకుంది."

"నేను న్యూట్రల్లోనే పెట్టి వచ్చానే!" కెల్విన్ తండ్రి వైపు తిరిగాడు.

"గేర్లో పెట్టింది నేనే" అన్నాడు అంద్రెయ. "మొన్న బండి జానెడు వెనక్కి జారింది. చూశావా నువ్వు? చూడవు. ర్యాంపు మీద బండిని హ్యాండ్ బ్రేకుకి వదిలేసి వచ్చే డ్రైవర్ని మా యూనిట్లో అయితే వారం రోజులు పెరేడ్ చేయించేవాళ్ళు."

"నాకొక మాట చెప్పొద్దా మావయ్యా?" అంది అనుగ్రహ.

"గేరు చూసుకోకుండా తాళం తిప్పేవాళ్ళకి ఏం చెప్పాలమ్మాయ్? ఎక్కి కూర్చోవాలి. క్లచ్ తొక్కాలి. మీ అత్త ఏడేళ్ళు తిప్పింది. ఆమెకేం కాలేదు."

కెల్విన్ నోరు తెరిచాడు. భార్యను చూసి మూసుకున్నాడు.

"బస్, ఇక చాలు నాన్నా. శనివారం బండికి రిమోట్ పెట్టిస్తున్నా. పైనుంచి నొక్కితే కింద స్టార్ట్ అవుతుంది. ఎవరూ దిగక్కర్లేదు."

"కార్లవాళ్ళ సోకు మన ట్రక్కుకెందుకురా?"

కెల్విన్ మంచుగడ్డలు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

*

శనివారం మధ్యాహ్నం జి.టి. రోడ్డు మీది దుకాణానికి అంద్రెయ కూడా వెళ్ళాడు. బండి ఇంకా అతని పేరు మీదే ఉంది. తన బండి తీగలు కోస్తుంటే తను చూడాలి.

దుకాణం సర్దార్‌జీ రెండు రిమోట్ డబ్బాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది సాదాది. మీట నొక్కితే స్టార్ట్, ఇంకోసారి నొక్కితే బంద్. రెండోదానికి నియమాలు ఎక్కువ. బండి ఆపగానే ఇంజిను కట్టేయకూడదు. హ్యాండ్ బ్రేకు లాగి, తాళంచెవి తీసేసుకుని, ఇంజిను నడుస్తుండగానే దిగి తలుపు వెయ్యాలి. అప్పుడు డబ్బాయే ఇంజిను ఆపుతుంది. అలా దిగితేనే మర్నాడు రిమోట్‌కి పలుకుతుంది. ఆ తర్వాత ఎవరైనా ఒక్కసారి తలుపు తెరిచారా, ఇక ఎంత నొక్కినా పలకదు.

"ఇది" అన్నాడు అంద్రెయ మొదటి డబ్బా మీద చెయ్యి వేసి. "చెప్పిన పని చేస్తుంది. ఆ రెండోది మనకే పని చెప్తోంది."

"రెండోదే" అన్నాడు కెల్విన్.

సర్దార్‌జీ నవ్వాడు. "బాబూజీ, మీరు బండి ఎలా నిలుపుతారు? న్యూట్రల్లోనా, గేర్లోనా?"

"గేర్లో. నలభై ఏళ్ళుగా."

"అయితే ఆ సాదా డబ్బా మీకు అమ్మను. రిమోట్‌కి కాళ్ళుండవు బాబూజీ, క్లచ్ ఎవరు తొక్కుతారు? కింద నిలబడి తలుపులోంచి చెయ్యి దూర్చి తాళం తిప్పినట్టే. గేర్లో ఉంటే బండి దూకుతుంది. రెండోదాంట్లో ఆ గొడవ లేదు. ఇంజిను నడుస్తుండగా మనిషి కిందికి దిగాడంటే గేరు న్యూట్రల్లో ఉన్నట్టే. తర్వాత తలుపు తెరిస్తే లోపల ఎవడేం చేశాడో దానికి తెలియదు. అందుకే నమ్మదు." అతను తన కుడి మణికట్టు పైన ఒకచోట వేలితో నొక్కి చూపించాడు. "అలా తాళం తిప్పి చెయ్యి విరిచేసుకున్న ఇద్దరు ముగ్గురిని చూశాను. తలుపు అంచు సరిగ్గా ఇక్కడ పడుతుంది. అందరికీ ఇక్కడే."

అంద్రెయ ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

ఫ్లోరాకు అక్కడే ఎముక అతికిన చోట బొడిపె ఉండేది. తొంభై తొమ్మిది జనవరి, మంగళవారం. చర్చి మెట్లు తడిగా ఉన్నాయనీ, జారి పడ్డాననీ చెప్పింది. అంద్రెయ ముందు ఆమెను తిట్టాడు. తర్వాత లక్ష్మీ నగర్ వెళ్ళాడు. అక్కడ ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో తెలుగు సంఘం చర్చి ఉంది. మెట్లు కడిగే సైమన్ని ఆదివారం ఆరాధనకు వచ్చిన జనం ముందు నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. ఫ్లోరా జ్ఞాపక కూటమి జరిగిన రోజు కూడా కింద వీధిలోనే నిలబడ్డాడు. పై నుంచి పాట వినిపించింది. అయినా ఎక్కలేదు. అంద్రెయ ఒకసారి కాదనుకుంటే కాదనుకున్నట్టే.

ఆ చెయ్యి సరిగా అతకలేదు. సెలైన్ సూది గుచ్చడానికి మణికట్టు తిరిగేది కాదు. పంతొమ్మిదేళ్ళు వార్డులో నర్సుగా చేసిన ఫ్లోరాని ఆసుపత్రివాళ్ళు దుప్పట్ల గదికి మార్చారు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ చలికాలం తర్వాత ఫ్లోరా ఎప్పుడూ ఎడమ తలుపు తీసుకుని ఎక్కి, సీటు మీదుగా జరిగి, కూర్చునే స్టార్ట్ చేసేది. "ఏంటే, కలెక్టరమ్మలాగ సీటెక్కావ్?" అని బాల్కనీలోంచి అరిచాడు ఒకసారి. ఆమె నవ్వింది. "లోపలైతే చలి తగలదండీ" అంది.

"రెండోదే పెట్టు" అన్నాడు అంద్రెయ సర్దార్‌జీతో. "ముందు హ్యాండ్ బ్రేకు బిగించు."

"అది బిగించనిదే నేను తీగ ముట్టుకోను బాబూజీ."

మెకానిక్ స్టీరింగ్ కింద తల దూర్చాడు. నాలుగు గంటల పని అన్నాడు. తండ్రీ కొడుకులు బయట బెంచీ మీద కూర్చున్నారు. టీ వచ్చింది. అంద్రెయ గ్లాసు ముట్టుకోలేదు.

"మీ అమ్మ చెయ్యి ఎట్లా విరిగిందిరా?"

"చర్చి మెట్ల మీద. ఊరంతా చెప్పింది నువ్వేగా."

"నేనడుగుతోంది నిన్ను."

కెల్విన్ రోడ్డు మీద పోయే ట్రక్కుల వైపు చూస్తూ చెప్పాడు. "పన్నెండో తరగతిలో ఉన్నా. స్కూలుకి బూట్లు వేసుకుంటున్నా, మెట్ల మీద. చప్పుడైంది. తలుపులోంచి చెయ్యి బయటికి లాగింది నేనే. రోజూ గేరు తీసి తిప్పేది. ఆ రోజు మర్చిపోయింది. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చింది."

"నేనెక్కడున్నా?"

"పైన. గడ్డం గీసుకుంటున్నావు. పాట పెట్టుకున్నావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి నాన్నా?" కెల్విన్ ఇప్పుడు తండ్రి ముఖంలోకి చూశాడు. "బండి గేర్లో పెట్టిన తప్పు నాదే అనేవాడివా? క్లచ్ తొక్కలేదని అమ్మనే తిట్టేవాడివి. గురువారం అనుగ్రహని తిట్టలేదూ? చెయ్యి వాచిపోయి నిలబడితే, 'మీ అత్తకేం కాలేదు' అన్నావు. నాకు అక్కడే గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది."

"తొమ్మిదేళ్ళు సైమన్ని..."

"సైమన్ అంకుల్‌కి తెలుసు. అమ్మ వెళ్ళి చెప్పుకుంది. మా ఇంటాయన కోపం మీ మెట్ల మీద పోనివ్వన్నా, నా మీదకైతే ఇంట్లో ఉండలేను అంది. సరేనమ్మా అన్నాడంట."

అంద్రెయ లేచాడు. కెల్విన్ కూడా లేవబోతే చేత్తో ఆపాడు. బండి దగ్గరకు వెళ్ళి, మెకానిక్ పళ్ళతో పట్టుకున్న టార్చిలైటు తీసుకున్నాడు. అతను తీగలు కలుపుతున్నంతసేపూ వెలుతురు పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుట్టినా మార్చలేదు.

*

సాయంత్రం బండి ర్యాంపు ఎక్కాక అంద్రెయ కొడుకుని దిగమన్నాడు. ఆఖరి పని తను చేస్తానన్నాడు. డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. గేరు న్యూట్రల్లోకి తెచ్చి రెండుసార్లు అటూ ఇటూ కదిపి చూశాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఇంజిను నడుస్తూనే ఉంది. దిగి, తలుపు వేశాడు. ఇంజిను తనంత తనే ఆగింది.

వెనక చక్రాల కింద రెండు ఇటుకలు పెట్టి మళ్ళీ తలుపు దగ్గరకు వచ్చాడు. చెయ్యి పిడి మీద పడింది. తెరిచి గేర్లో పెట్టడం నలభై ఏళ్ళ అలవాటు. పిడి చల్లగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

స్తంభానికీ ట్రక్కుకీ మధ్య మనిషి ఒదిగి నిలబడేటంత చోటుంది. అంద్రెయ ఆ సందులో నిలబడి చూశాడు. అతని వీపుకి గోడ తగిలింది. పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. ఇక్కడ ఎప్పుడూ నిలబడలేదు తను.

మర్నాడు పొద్దున రిమోట్ కోడలి చేతికిచ్చాడు. బాల్కనీలో ముగ్గురూ నిలబడ్డారు. అనుగ్రహ ఎడమచేత్తో నొక్కింది. కింద లైట్లు రెండుసార్లు వెలిగాయి. ఇంజిను దగ్గి, అందుకుంది. బండి ఉన్నచోటే ఉంది.

"అచ్ఛా! పక్కన మనిషి లేకుండా అదే లేస్తుంటే దయ్యం బండిలా ఉంది మావయ్యా" అని నవ్వింది.

"చెయ్యి చూపించమ్మాయ్."

ఆమె చూపించింది. కమిలిన చోటు ఆకుపచ్చగా మారుతోంది. అంద్రెయ దాన్ని చాలాసేపు చూశాడు.

"గేర్లో పెట్టింది నేను. తప్పు నాది. నీది కాదు."

అనుగ్రహ భర్త వైపు చూసింది. పెళ్ళై వచ్చాక ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు. కెల్విన్ అయితే పుట్టిన దగ్గర్నుంచీ వినలేదు.

"ఇవాళ ఆదివారమేగా" అన్నాడు అంద్రెయ. "చర్చికి నేనూ వస్తా."

*

లక్ష్మీ నగర్లో ఆదివారం కూడా పుస్తకాల సంచులతో పిల్లలు తిరుగుతూనే ఉన్నారు. కోచింగ్ సెంటర్ బోర్డు పక్కనుంచి ఇరుకైన మెట్లు నిటారుగా పైకి పోతాయి. మెట్ల కింద సైమన్ చెప్పులు వరసగా సర్దుతున్నాడు. జుట్టంతా నెరిసింది. తల ఎత్తి అంద్రెయని చూసి, తిట్లు తినడానికి సిద్ధపడ్డవాడిలా నిలబడ్డాడు.

"వందనాలన్నా" అన్నాడు.

అంద్రెయ కొడుకునీ కోడలినీ పైకి వెళ్ళమన్నాడు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగాడు.

"ఆ రోజు మెట్లు నువ్వు కడగలేదంట కదా సైమన్."

సైమన్ చేతిలో చెప్పు అలాగే ఉండిపోయింది.

"అది మంగళవారం అన్నా" అన్నాడు మెల్లగా. "మంగళవారం చర్చికి తాళం. మెట్లకి కూడా గేటు వేసి ఉంటుంది."

మంగళవారం. తొమ్మిదేళ్ళుగా ఆ రోజును తిట్టుకుంటూనే ఉన్నాడు. మంగళవారం చర్చి తీస్తారా అని ఒక్కసారి ఎవరినైనా అడిగితే సరిపోయేది. వీధిలో ఏ పిల్లవాడిని అడిగినా చెప్పేవాడు.

"జనం ముందు నిన్ను అన్ని మాటలన్నాను. ఒక్క మాట ఎందుకు తిరిగి అనలేదు?"

"అంటే ఆ కోపం ఫ్లోరమ్మ మీదకు పోతుంది. నామీద పడితే ఏముందన్నా, ఒక్క ఆదివారం." సైమన్ చెప్పు వరసలో పెట్టాడు. "మీరు రావడం మానేస్తారని మాత్రం అనుకోలేదు."

పైన పాట మొదలైంది. అంద్రెయ చెప్పులు విడిచాడు. సైమన్ వంగి వాటిని అందుకోబోయాడు. అంద్రెయ అతని భుజం పట్టి ఆపి, తనే వంగి వాటిని వరసలో పెట్టాడు.

"చూసుకోండన్నా, మెట్లు తడిగా ఉన్నాయి. ఇవాళ మాత్రం నిజంగానే కడిగాను" అంటూ సైమన్ చెయ్యి చాచాడు.

అంద్రెయ ఆ చెయ్యి పట్టుకున్నాడు. మొదటి మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు మీద ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. సైమన్ అతనితో సమానంగా ఒక్కొక్క మెట్టే ఎక్కాడు.