మూడు వారాలు ఒకటే పాఠం

స్పానిష్ మాస్టారు ఇండైరెక్ట్ ఆబ్జెక్ట్ ప్రొనౌన్ల పాఠం దగ్గర చనిపోయాడు. పాఠం వల్ల కాదు, సైలెన్సర్ బిగించిన పిస్టల్ వల్ల. మర్నాడు పొద్దున్నే చీఫ్ తన ఏజెంట్‌ను పిలిచాడు.

"ఆ క్లాస్‌రూమ్ కింద మెట్రో టన్నెల్ ఉంది. మాస్టార్ని చంపిన విదేశీ ముఠా అందులో బాంబు పెట్టింది, ఎంత వెతికినా దొరకలేదు. రిమోట్ ఆ గదిలోంచే పనిచేస్తుంది. నొక్కేవాడు స్టూడెంట్ వేషంలో ఉన్నాడు."

"ఎవడు సార్?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? రిమోట్ కంటపడేదాకా ఎవర్నీ ముట్టుకోకు. నీకు స్పానిష్ వచ్చా?"

"గ్రాసియాస్ అని థాంక్స్ చెప్పేవరకు."

"చాలు. కొత్త మాస్టారివి నువ్వే."

ఆ టన్నెల్లో పగటి రైళ్ళు నడిపేది ఏజెంట్ వాళ్ళక్క. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. "అక్కకి చెప్పొచ్చా సార్?"

"రైళ్ళు ఆగితే వాడికి తెలిసిపోతుంది. నోరు మూసుకో."

నోరు మూసుకున్నాడు. చచ్చినవాడి పాఠం చచ్చినవాడి పద్ధతిలోనే మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో నోటితో పాటు చెయ్యి కూడా కదలాలి. 'మే' అంటే నాకు, 'తే' అంటే నీకు, 'లే' అంటే అతనికో ఆమెకో. "మే ద లా తీసా?" అని మాస్టారు అరచెయ్యి చాపితే స్టూడెంట్ చాక్‌పీస్ తెచ్చి అందులో పెట్టాలి. మాస్టారు "ముయ్ బియెన్", అంటే శభాష్, అనాలి. అంతకు మించి మన మాస్టారికి ఒక్క ముక్క రాదు. కాబట్టి మూడు వారాలు అదే చెప్పాడు. చాక్‌పీసులు, కళ్ళజోళ్ళు, గొడుగులు చేతులు మారాయి.

"సిలబస్ ముందుకు కదలదా మాస్టారూ?" అని వెనకబెంచీ గొణిగేది. ముందుబెంచీ బట్టతలాయన మాత్రం ఒక్కరోజూ గొణగలేదు. అడగడం ఆలస్యం, తెచ్చి ఇచ్చేవాడు. క్లాసంతా ఆయన్ని ఫస్ట్‌ర్యాంకు అని ఏడిపించేది.

అక్క ఫోన్ చేసేది. "ఏరా, గొంతేంటి అలా ఉంది?"

"జలుబక్కా."

"ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టుకోరా."

నువ్వు పెట్టుకో అక్కా అని అరవాలనిపించేది. ఫోన్ పెట్టేసి, గోడకి తల ఆనించి ఏడ్చేవాడు.

ఒక్కటే ఆశ మిగిలింది. నల్లకళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో క్లాసుకి వచ్చే సోకులరాణి ముఠాలో చీఫ్ పెట్టిన మనిషి. నొక్కేవాడెవడో తెలీదని, రోజు మాత్రం తనకి తెలుస్తుందని చెప్పింది. రిమోట్ గదిలోకి వచ్చిన రోజు ఆమె చలేస్తోందని చెప్పాలి.

ఆ రోజు పొద్దున క్లాసుకి ఇద్దరే వచ్చారు, సోకులరాణి, ఫస్ట్‌ర్యాంకు.

"చలేస్తోంది మాస్టారూ," అందామె.

ఏజెంట్ సొరుగు లాగాడు. పిస్టల్ లేదు. అది ఆమె చేతిలో ఉంది.

"ఏమీ అనుకోకండి. వాళ్ళు నాకు కొత్త పేరు, కొత్త దేశం ఇస్తామన్నారు. మీ చీఫ్ ఓ మంచిమాటైనా చెప్పలేదు."

ఫస్ట్‌ర్యాంకు జేబులోంచి రిమోట్ తీసి లేచి నిలబడ్డాడు. కాళ్ళకింద నేల సన్నగా అదిరింది. రైలు వస్తోంది. అందులో ముందు సీట్లో అక్క ఉంది. దూకితే తూటా, అరిస్తే తూటా. ఎటు చూసినా దారి లేదు. ఇక మిగిలింది తనకొచ్చిన ఆ ఒక్క పాఠమే.

ఏజెంట్ విసుగ్గా, రోజూలాగే అరచెయ్యి చాపాడు.

"మే ద ఎల్ కోంత్రోల్?"

బట్టతలాయన చెయ్యి ఆయన్ని అడక్కుండానే ముందుకొచ్చింది. రిమోట్ మాస్టారి అరచేతిలో పడింది. పెట్టినవాడు అలవాటుగా మెప్పుకోసం చూశాడు. ఏం జరిగిందో అర్థంకాక సోకులరాణి ఒక్క క్షణం నోరు తెరిచింది. ఆ క్షణంలో ఏజెంట్ ఊపిరి బిగబట్టి బల్లమీద చీఫ్ పెట్టించిన డస్టర్ నొక్కాడు. అందులోంచి టియర్‌గ్యాస్ చిమ్మింది. ఆమె పేల్చిన తూటా బోర్డుకి తగిలింది. కింద రైలు దడదడమంటూ దాటిపోయింది.

బేడీలు వేశాక చీఫ్ నెమ్మదిగా అన్నాడు. "సంబరపడకు. ఇలాంటి క్లాసులు వీళ్ళకి ఇంకెన్ని ఉన్నాయో తెలీదు. రేపు కూడా మీ అక్క రైలు నడపాలి."

ఏజెంట్‌కి సంతోషించడానికి ఓపిక లేదు. పక్కనుంచి కళ్ళు తుడుచుకుంటూ ఫస్ట్‌ర్యాంకు దగ్గాడు.

"మాస్టారూ, ఇవాళ మీరు ముయ్ బియెన్ అనలేదు."