రెండున్నర దగ్గర ఆగిన మిషను

భీమవరానికి ఆరు మైళ్ళ అవతల, రొయ్యల చెరువు గట్టు మీద రేకుల వసారా ఉన్న ఇల్లు బుచ్చిరాజుది. తుఫానులో మెడలోతు నీళ్ళలో నిలబడి, కొట్టుకుపోతున్న నాలుగు ఏరియేటర్లని, అంటే చెరువు నీళ్ళకి గాలి కొట్టే యంత్రాలని, ఒంటిచేత్తో గట్టుకి లాగిన మనిషి. ఊళ్ళో నాలుగంటారు గానీ, ఏడని చెప్పినా ఎక్కువ కాదు. అంతటివాడి గుండెలో నాలుగేళ్ళ కిందట లోహపు వాల్వు పెట్టారు. పక్కన కూర్చుంటే వినబడేది. టిక్కు... టిక్కు...

ఆ వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఆరింటికి ఒక మాత్ర. మందు తక్కువైతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే కారిన రక్తం ఆగదు. అందుకని సోమవారం సోమవారం వేలు పొడిచి, చుక్క రక్తం పట్టీకి అంటించి, మిషనులో అంకె చూడాలి. రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉంటే క్షేమం, అంకె పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టడం తగ్గినట్టు. పొడిచేదీ, చూసేదీ, పుస్తకంలో రాసేదీ భార్య రత్నమాణిక్యం. నాలుగేళ్ళ సోమవారాలు. ఆవిడ అలసటని బస్తాలకెత్తితే పది లారీలు చాలవు.

పాత మిషను పాడైతే, మూడు నెలల కిందట ఇంకొకటి వచ్చింది. అది బుచ్చిరాజు అన్నగారు సత్తిరాజుది. ఆయనకీ అదే వాల్వు, అదే మాత్ర. ఆయన పోయాక కొడుకు శ్రీనివాసరాజు తెచ్చిచ్చాడు. "నాన్నగారిది, బాబాయ్. పట్టీలు మాత్రం కొత్తవి కొన్నాను."

అప్పట్నుంచీ మిషను చెప్పేది ఒకటే అంకె. రెండున్నర. ల్యాబు వాళ్ళు మాత్రం మొదట మూడున్నరన్నారు, తరవాత నాలుగున్నరన్నారు.

"కాస్త తేడా ఉంటే పరవాలేదు, ఇంత ఉంటే ల్యాబునే నమ్మమన్నారు డాక్టరుగారు," అంది మాణిక్యం.

"చెరువు నీళ్ళకి మన మీటరు ఒకటి చెబుతుంది, ల్యాబు ఒకటి చెబుతుంది. రెండూ కలిపి సగం చేసి ముప్ఫయ్యేళ్ళు రొయ్య పండించాను. నాకు చెప్పొచ్చారు డాక్టర్లు," అన్నాడు బుచ్చిరాజు. సగం చేస్తే మూడున్నర. మాత్ర మారలేదు.

ఆ సోమవారం పొద్దున ల్యాబు నించి హరిబాబు వచ్చి రక్తం తీసుకెళ్ళాడు. సాయంత్రం ఆరు కావస్తుండగా ఫోను చేశాడు.

"అమ్మగారూ, తొమ్మిది దాటిందండి. ఇవాళ మాత్ర వెయ్యకండి. వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళిపోండి."

ఆవిడ శ్రీనివాసరాజుకి కారు తెమ్మని చెప్పి ఫోను పెట్టేసరికి వాన దిగింది. కరెంటు పోయింది. చెరువులో ఏరియేటర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బురద వాసన వసారాలోకి వచ్చి కూర్చుంది.

"ముందు మిషను చూడు, మాణిక్యం. రెండూ కలిపి సగం చేద్దాం."

"సగం చేసినా ఆరు దగ్గర పడుతుందండి."

"చూడమన్నానా."

బల్ల మీద, ఆరింటి మాత్ర పక్కన మిషను పెట్టి, టార్చి వెలుగులో వేలు పొడిచింది. రక్తం చుక్కగా ఆగలేదు, దారంలా మణికట్టు దాకా జారింది. మిషను రెండున్నర అంది.

మాణిక్యానికి విసుగొచ్చింది. తన వేలే పొడుచుకుంది. మందు ముట్టని మనిషికి ఒకటి దగ్గర ఉండాలి.

రెండున్నర.

చూరు నీళ్ళు ఒక చుక్క పట్టింది.

రెండున్నర.

పట్టీ లాగేసి మిషను ఆపేసింది. అది దానంతటదే వెలిగింది...

రెండున్నర.

అప్పుడు గమనించింది. ఆయన గుండె భయంతో గబగబా టిక్కుమంటోంది. దాని వెనక ఇంకో టిక్కు ఉంది. నింపాదిగా. మిషను పక్కనున్న ఖాళీ కుర్చీలోంచి. దాంతోపాటు స్పిరిట్ వాసన.

"అన్నయ్య..." బుచ్చిరాజు గొంతు గుసగుసలా వచ్చింది. "ఆరయింది, మాత్ర వేసుకోమంటున్నాడు."

"మీ అన్నయ్యగారు ఎలా పోయారండీ?"

"...ముక్కులోంచి రక్తం. ఆగలేదు."

"ఆ పూట మిషను ఎంత చెప్పింది?"

ఆయన ఖాళీ కుర్చీ వైపు తిరిగి, చిన్న పిల్లాడిలా నోరు తెరిచాడు.

బల్ల మీద మాత్ర లేదు. ఇందాక ఉంది.

మాణిక్యం అరచెయ్యి ఆయన నోటికి అడ్డం పెట్టింది. చేతి వెనక చల్లగా తగిలాయి... వేళ్ళు. కొసలన్నీ సూది పోట్లతో గరుకుగా ఉన్నాయి. ఆవిడ చేతిని పక్కకి నెట్టాయి. మెల్లగా. మళ్ళీ. గోదారికి అడ్డం కట్టిన ఆనకట్టలా ఆవిడ కదలకుండా కూర్చుంది. భయపడటానికి కూడా ఓపిక లేదు. ఎంతసేపో తెలియదు.

కారు లైట్లు గట్టు మీదకి తిరిగాయి. చేతిమీద బరువు తేలిపోయింది. నేల మీద మాత్ర పడిన చప్పుడు.

రాత్రి ఎనిమిదింటికి హాస్పిటల్లో డ్యూటీ డాక్టరు గండం గడిచిందన్నాడు. ఇంజెక్షన్లు, ప్లాస్మా ఎక్కించారు. బుచ్చిరాజు నిద్రపోయాడు. మాణిక్యం వరండా బెంచీ మీద వాలి కళ్ళు మూసుకునేసరికి ఫోను మోగింది. హరిబాబు.

"రాజుగారికి ఎలా ఉందండి?"

"బతికారు బాబూ."

"ఆయ్, సంతోషమండి. ఒక మాటండి. పొద్దున మీ ఇంట్లో నేను తీసింది ఒక్క ట్యూబే కదండి. ఇవాళ మీ ఇల్లు తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదండి. పరీక్షకి అది ఇచ్చేశాక నా బాక్సులో ఇంకోటి ఉందండి. దాన్నిండా రక్తం ఉంది, మీద పేరు లేదు."

"ల్యాబులోదే కలిసిపోయి ఉంటుంది."

"అలాగే అనుకున్నానండి. కానీ పొద్దుట్నుంచీ ఐసులో ఉందండి అది..." అతని గొంతు తగ్గింది. "ఇంకా వెచ్చగానే ఉంది."