తొమ్మిదో బావి చివరి కొలత

తొమ్మిదో బావి దగ్గర రాత్రి డ్యూటీ పడిందంటే చాలు, ఎంతటి మొనగాడికైనా ఆ పూటే జ్వరం వచ్చేది. నీళ్ల బావి అనుకునేరు... చమురు బావి. నేలలోంచి లేచిన ఇనుప గొట్టం, దానికో పెద్ద వాల్వు, కాస్త దూరంలో కొలత ట్యాంకు. అంతే. చీకటి పడితే ఆ గొట్టంలోంచి చప్పుళ్లు వస్తాయని చెప్పుకునేవారు.

కొలతలు తీసేవాడికి మాత్రం ఆ డ్యూటీ తప్పలేదు. ఏడాది కిందట ఆ వాల్వు దగ్గరే గ్యాసు పీల్చి ప్రాణం వదిలినవాడు స్వయానా అతని బావ.

ఇద్దరిదీ ఒకే జోడీ. బావ వాల్వు తిప్పేవాడు. ఇతను గంటకి ఎంత చమురు, ఎంత గ్యాసు వస్తోందో కొలిచేవాడు. ఆ హోరులో గొంతు చించుకున్నా వినపడదు. అందుకే రెంచితో గొట్టం మీద కొట్టుకునేవారు. రెండు దెబ్బలు — తెరిచాను, కొలుచుకో. మూడు, ఎవరు కొట్టినా — నేనింకా ఇక్కడే ఉన్నాను, మూయకు. జవాబుగా ఒకే దెబ్బ — విన్నాను, ఆగుతాను.

ఆ రాత్రిది చివరి కొలత. దిగుబడి సున్నా అని తేలితే పొద్దున్నే సిమెంటు పోసి బావిని శాశ్వతంగా మూసేస్తారు.

బయల్దేరుతుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది. "ఒరేయ్... మీ బావ అక్కడే ఉన్నట్టు రోజూ కలొస్తోందిరా. కాస్త చూసి మూయించు."

"ఊరుకో అక్కా" అన్నాడు గానీ, అతని కళ్లూ చెమర్చాయి.

వాల్వు బార్లా తెరిచాడు. ట్యాంకులోకి చుక్క రాలేదు. గేజి ముల్లు సున్నా మీంచి కదల్లేదు. అర్ధరాత్రి దాటింది...

ఠంగ్.

గేజి మీంచి తలెత్తాడు.

ఠంగ్... ఠంగ్.

మూడు! వాల్వు వైపు టార్చి వేశాడు — ఎవరూ లేరు. పెద్దమేస్త్రీకి ఫోను చేశాడు.

"అన్నా... గొట్టంలో ఎవరో..."

మేస్త్రీ పగలబడి నవ్వాడు. "ఎవరో ఏంట్రా! నీళ్లు ఎగదోసే ఇనుప కడ్డీ లోపలుంది కదా. మిగిలిన కాస్త గ్యాసుకి లేచి పైమూతకి కొట్టుకుంటుంది. సున్నా రాసేసి పడుకో."

పోయిన ప్రాణం లేచొచ్చింది. తన పిరికితనానికి తనే నవ్వుకుని, సున్నా రాసి సంతకం పెట్టాడు.

తెల్లారింది. సిమెంటు పంపు మొదలైంది. రెంచి అప్పజెబుదామని సామాన్ల షెడ్డులోకి వెళ్లాడు. మూలన... ఆ ఇనుప కడ్డీ. ఎప్పుడు పైకి తీసి పడేశారో, సాలెగూడు అల్లుకుపోయి ఉంది.

పడుతూ లేస్తూ పరిగెత్తాడు. "అన్నా, ఆపించు! నీ కాళ్లు పట్టుకుంటా, ఆపించు!"

"ఇప్పుడెలా ఆపుతార్రా? సగం పోశారు. సున్నా అని రాసింది నువ్వేగా" అన్నాడు మేస్త్రీ, అతన్ని వింతగా చూస్తూ.

గొట్టానికి చెవి ఆనించాడు. ఎక్కడో లోలోపల్నుంచి... నీరసంగా... మూడు దెబ్బలు. కాసేపాగి, మళ్లీ మూడు.

బావ జవాబు కోసం చూస్తున్నాడు. రెంచి చేతిలోనే ఉంది. కొడదామని ఎత్తాడు కూడా — కానీ 'విన్నాను, ఆగుతాను' అని ఏ మొహం పెట్టుకుని కొడతాడు?