ఈడ్పు సున్నా

మోటారు ఆపి, కొండదారిలో సైకిలుబండిని వదిలేసింది దమయంతి. తొక్కకూడదు, బ్రేకు ముట్టుకోకూడదు. బండి తనంతట తాను జారాలి. సొరంగంలోకి దూరగానే దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి, దాటగానే ఆరిపోయాయి. కొండ దిగువన బండ్ల పరీక్షాకేంద్రం ముందు ఆగేసరికి తెర మీద ఎప్పటి మాటే: ఈడ్పు సున్నా.

బండి సొంతదారు నూకరత్నం ఖాళీ చేపలబుట్ట పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"ఏటంటాది?"

"లాగుడేమీ లేదంటోంది పెద్దమ్మా. ఎక్కేటప్పుడు మోటారు సాయం చేస్తుంది కదా. ఆ సాయం ఆగగానే ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు అనిపిస్తుంది. బండి తప్పు కాదు, మనసు అలవాటు."

రోజూ వచ్చినవాళ్లందరికీ చెప్పే మాటలే. కేంద్రానికి ఒక్కరు చాలని నగరం తేల్చి, తోటి పరీక్షకుడు కేశవను ఎక్కడికో పంపేసింది మొదలు ఆ మాటలు ఆమె ఒక్కతే చెబుతోంది. ఇప్పుడు టీ కూడా ఒక గ్లాసుకే కాచుకుంటోంది.

"లేదని ఎవులు సెప్పినారు?"

"కొలిచే యంత్రం మోటార్లోనే ఉంటుంది."

"బాగుంది! నా సేప తాజాదేనా అని నన్నే అడిగితే, కుళ్లిపోయిందంటానేటమ్మా?"

దమయంతి నవ్వింది. ఆ నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

తెర మీద రెండు గడులు: భ్రమ, నిజం. నూకరత్నానికిది మూడో ఫిర్యాదు. ఈసారీ భ్రమ అని తేలితే బండికి తాళం పడుతుంది. ఆపైన బుట్ట నెత్తిన పెట్టుకుని కొండెక్కాల్సిందే. నిజం అనాలంటే ఇద్దరు పరీక్షకుల వేలిముద్రలు కావాలి. ఉన్నది ఒక్కరే. కేశవ వెళ్లాక ఇక్కడ నిజం నమోదైందే లేదు.

భ్రమ మీదకు వెళ్లిన వేలు ఆగిపోయింది. మూలన దుమ్ము కొట్టుకుపోయి మూగబండి ఉంది. మోటారు లేదు, దాని బరువుకు సరిపడా ఇసుకమూట కట్టి ఉంది. కేశవ దాన్నెక్కేవాడు. ఇద్దరూ పక్కపక్కనే జారేవారు.

"పెద్దమ్మా, ఇది తోలగలవా?"

"మోటార్లు రాకముందు నాకు కాళ్లు నేవేటి?"

సరుకుల తాడుబండిలో పైకెళ్లి, రెండు బండ్లనూ ఒకేసారి వదిలారు. మూగబండి మీద నూకరత్నం ముందుకు దూసుకుపోయింది. సొరంగంలో ఆమె కోసం ఒక్క దీపమూ వెలగలేదు. వెనక దమయంతి రాగానే అన్నీ వెలిగాయి.

మనుషుల బరువుల తేడా కావచ్చు. బండ్లు మార్చుకుని మళ్లీ దిగారు. ఈసారి చీకట్లో దమయంతి ముందుంది. వెనక వెలుగులోంచి కేక వినిపించింది.

"ఓలమ్మో, ఆగవే! నన్నొగ్గేసి ఎల్లిపోతావేటి!"

ఆ దీపాలు ఏం తాగి వెలుగుతున్నాయో దమయంతికి తెలిసిపోయింది: ఆగిన మోటారు గుట్టుగా లాక్కుంటున్న బండి ఊపును.

కేంద్రంలోకి వచ్చి 'నిజం' గడిలో వేలు ఆనించింది. రెండో పరీక్షకుడు ఎవరని తెర అడిగింది.

"నీ వేలు పెట్టు పెద్దమ్మా."

"నీ ఉజ్జోగం పోదా?"

"పోతుందేమో."

నూకరత్నం బొటనవేలికంటిన పొలుసు కొంగుతో తుడుచుకుని తెరకు ఆనించింది. కేశవ ముద్ర చెరిపేసినవాళ్లు ఆ ఖాళీని మూయడం మరిచారు. ఎవరి వేలైనా చెల్లింది.

తెర మీద మాట మారింది: ఈడ్పు నిజం. ఈ రకం బండ్లన్నిటికీ ఈడ్పు నుంచి విడుదల.

కొండ మీద సొరంగం నోరు ఒక్కసారిగా నల్లబడింది. దిగుతున్న బండ్ల చప్పుడు ఆగలేదు, ఇంకా జోరందుకుంది. చీకట్లో ఎవరో గంట కొట్టారు. దానికి ఇంకెవరో బదులు కొట్టారు. కనబడక ఒకరినొకరు పిలుచుకుంటున్నారు.

తెర ఎర్రగా మెరుస్తూ దమయంతిని సంజాయిషీ అడుగుతోంది. ఆమె అటు చూడకుండా, టీగిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోసింది.