పింగ్ చాటున లీవికా

పని రైమోకే ఇచ్చారు.

తాలిన్ గూఢచారి శాఖ అధిపతి మాలే ఆ ఉదయం ముక్తసరిగా చెప్పింది. "కోడ్ నేమ్ 'కొంగ'. శత్రుదేశం నుంచి తప్పించుకొచ్చిన సైంటిస్టు. పాదిరీ వేషంలో మధ్యాహ్నం హెల్సింకి ఓడెక్కుతాడు. ఏ క్యాబినో వాళ్లకి తెలిస్తే అవతలి ఒడ్డున దిగేది శవమే. రైమో, లీవికా, కాపలా మీది."

"మరి నేను, మేడమ్?" అన్నాడు తావెట్.

"నువ్వు నెట్‌వర్క్ గదిలో కూర్చో."

తావెట్‌కి ఒళ్లు మండిపోయింది. లీవికా ఒకప్పుడు శత్రు ముఠా మనిషి. ఇప్పుడు ఈ శాఖకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తుంటే కారిడార్‌లో మాటలు ఆగిపోయేవి. చలికాలమంతా తావెట్ పక్కనే కూర్చుని భోంచేసింది. రైమో విదేశం నుంచి తిరిగొచ్చాక తావెట్ ముఖం చూడటం మానేసింది.

నెట్‌వర్క్ గది అద్దాల్లోంచి క్యాంటీన్ కనబడుతోంది. నల్లరొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని ఇద్దరూ ఒకే ప్లేటులో తింటున్నారు. రైమో ఏదో అన్నాడు. లీవికా అతని భుజం మీద వాలి నవ్వింది.

వీళ్లు ఏం రాసుకుంటున్నారో చూడాలి. తావెట్ ఆమె కంప్యూటర్‌కి వచ్చేపోయే సమాచారం, అంటే ట్రాఫిక్, తెరిచాడు.

ప్రేమలేఖలేం లేవు. ఆమె క్యాంటీన్‌లో ఉన్నా, కంప్యూటర్ నుంచి బయటి అడ్రస్ ఒకదానికి వాటంతటవే ఎడతెగని పింగ్‌లు!

ఆ భవనం ఫైర్‌వాల్ వెబ్, మెయిల్, చాట్ అన్నిటినీ ఆపేస్తుంది. పింగ్‌ని మాత్రం వదిలేస్తుంది. లైను బతికుందో లేదో చూసుకోవడానికి సిబ్బందికి అది కావాలి. "ఉన్నావా?" అంటే "ఉన్నాను" అనే పలకరింపుని ఎవరు సోదా చేస్తారు?

కానీ ఈ పలకరింపులు మరీ బరువుగా ఉన్నాయి. ఒకటి విప్పాడు. పింగ్‌లో పంపిన అక్షరాలే పొల్లుపోకుండా తిరిగి రావాలి. ఇక్కడ వెళ్లింది ఒకటి, వచ్చింది మరొకటి. అవతల ఉన్నది ప్రాక్సీ సర్వర్! పింగ్‌ల కడుపులో దాచిన ముక్కల్ని బయటికి తీసి, అతికించి, ముఠాకి చేరవేస్తోంది. ఒక ముక్కలో ఓడ పేరు కనబడింది. 'కొంగ' ఫైలు!

ఫోనందుకున్నాడు. "మేడమ్, లీవికా ఫైలు బయటికి పంపుతోంది. పింగ్ ఆపడానికి అనుమతివ్వండి."

"రైమో మీద ఏడుపు కాదు కదా ఇది?"

"ఏడుపే మేడమ్. కాదనను. అయినా ముక్కలు వెళ్లిపోతున్నాయి."

"ఆపు!"

మీట నొక్కాడు. పింగ్‌లు ఆగిపోయాయి. వెళ్లకుండా మిగిలిన ఆఖరి ముక్కలో క్యాబిన్ నంబరుంది.

బేడీలతో గుమ్మం దాటుతూ లీవికా అతని వైపు తిరిగింది. "నా మీద ఇంకా కన్నేసే ఉంచావన్నమాట."

"నీ మీద కాదు. వాడి మీద."

'కొంగ' క్షేమంగా ఒడ్డు చేరాడు. వారం తిరక్కుండానే శాఖ పతకం ప్రకటించింది... రైమోకి! ద్రోహికి ఏ మాత్రం అనుమానం రాకుండా ఆమెను క్యాంటీన్‌లో కబుర్లలో పెట్టినందుకు.