పిల్ల చెప్పినట్టే

పొద్దున్నే పాలు కాగుతుండగా పిల్లల ప్రతినిధి వచ్చింది. సంక్షేమ సమితి ముందు పిల్లల తరఫున మాట్లాడటం ఆవిడ ఉద్యోగం. ఈ ఇంట్లోని పిల్లకి పదేళ్లు. నాలుగేళ్ల క్రితం సమితే పెంచమని అప్పగించింది. ఇప్పుడు ఇంటావిడకి సొంత బిడ్డ పుట్టి మూడు నెలలైంది. పెద్దదాన్ని వెనక్కి పంపేస్తామని దంపతులు రాసిచ్చారు. రేపే విచారణ.

"దాన్ని అడిగేదేముందమ్మా? పసిది, దానికేం తెలుసు?" అంది అత్తగారు.

"తెలిసిందే చెప్తుంది. అడిగేటప్పుడు మీరెవరూ ఉండకూడదు, అంతే."

"మేమేమన్నా కొరుక్కు తింటామా?"

ప్రతినిధి నవ్వి, పిల్లతో గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

పాలు పొంగబోతున్నా ఇంటావిడ చూడలేదు. భర్త వచ్చి మంట తగ్గించాడు.

"మీరొక్క మాటా అనరేం?"

"సంతకం పెట్టేటప్పుడే అనలేకపోయాను. ఇప్పుడేం అనను?"

"అంటే నేనే రాక్షసినా?"

"ఇద్దరం పెట్టాం సంతకం," అన్నాడు మెల్లగా.

తలుపు తెరుచుకుంది. ప్రతినిధి చేతిలో కాగితం, వెనకాల పిల్ల.

"పిల్ల ఏ మాట చెబితే ఆ మాటే రాస్తాం, దిద్దం. రేపు సమితిలో చదివేదీ ఇదే. మీకు వినిపించనా అంటే సరేనంది." ఆవిడ చదివింది: "'వెళ్లిపోతానని నేనే అడిగినట్టు రాయండి. అప్పుడు అమ్మ నన్ను వద్దని చెప్పక్కర్లేదు.'"

"వెళ్తాననే కదా అంది," అంది అత్తగారు.

"మీరాగండత్తయ్యా."

ఆ ఇంట్లో కోడలు అలా అనడం అదే మొదలు. ఆమె పిల్ల ముందు నేల మీద కూలబడింది.

"నువ్వు అడగలేదమ్మా. నేనే వద్దనుకున్నాను. ఇద్దర్నీ చూసుకోలేనని భయపడి, నా కడుపున పుట్టినదాన్నే ఉంచుకుందామనుకున్నాను. నా తప్పు నీ మీద వేసుకోకు." మాట పూర్తికాకుండానే బావురుమంది.

పిల్ల తన గౌను అంచుతో ఆమె కళ్లు తుడిచింది. "మెల్లగా ఏడువమ్మా. చెల్లి లేస్తుంది."

భర్త గోడవైపు తిరిగాడు. "మేం రాసిచ్చింది వెనక్కి తీసుకుంటామండీ."

"రేపు ఆ మాట అక్కడ మీరే చెప్పండి. పిల్లనీ మళ్లీ అడుగుతాను," అంది ప్రతినిధి.

"ఉంటావా తల్లీ?" అంది ఇంటావిడ.

పిల్ల తడిసిన గౌను అంచు సర్దుకుంది.

"మళ్లీ ఎప్పుడైనా పంపాలనిపిస్తే, ముందు నాకే చెప్తావా?"

ఇంటావిడ పిల్లని దగ్గరికి లాక్కుంది. పిల్ల వచ్చింది గానీ, చేతులు వెయ్యలేదు.